దూరం పెరిగింది, గంటలు తగ్గాయి

అమెరికా ప్రయాణం అనగానే మనవాళ్లు అడిగేది ఎన్ని కిలోమీటర్లని కాదు, ఎన్ని గంటలని. అదే సరైన ప్రశ్న. 2016 అక్టోబరులో ఎయిరిండియా తన ఢిల్లీ-శాన్ ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ దారి మాన్పించి పసిఫిక్ మీదుగా పంపింది. పాత దారి సుమారు 13,900 కిలోమీటర్లు, కొత్తది 15,300. అంత చుట్టు తిరిగీ దాదాపు రెండు గంటలు ముందే, పద్నాలుగున్నర గంటల్లో చేరింది. అంతా గాలి మహిమ. పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు జెట్ ప్రవాహాలు హోరున వీస్తుంటాయి. పాత దారిలో అవి ఎదురుగాలి, కొత్త దారిలో వెనక నుంచి తోసే గాలి.

2020 ఫిబ్రవరిలో కియారా తుపాను పుణ్యమా అని బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 ఒకటి న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో వచ్చేసింది. నేల లెక్కన గంటకు 1,300 కిలోమీటర్లు దాటిన వేగం. అలాగని ధ్వనిని మించిందనుకునేరు! చుట్టూ ఉన్న గాలి కూడా పరిగెత్తుతోంది కాబట్టి, ఆ గాలితో పోలిస్తే విమానం మామూలు వేగంతోనే వెళ్లింది. ధ్వనిని నిజంగా మించిన కాంకార్డ్ అయితే 1996లో అదే దూరాన్ని 2 గంటల 52 నిమిషాల 59 సెకన్లలో ముగించింది. 2003లో దాన్ని మూలన పెట్టేశారు.

సుదూర ప్రయాణాలకొస్తే, సింగపూర్-న్యూయార్క్ విమానం ఎక్కడా దిగకుండా 15,300 కిలోమీటర్లకు పైగా ఎగురుతుంది, పద్దెనిమిది గంటలు దాటుతుంది. అందులో ఎకానమీ తరగతే లేదు. అన్ని గంటలు ఇరుకు సీట్లో కూర్చోబెట్టకపోవడమే దయ, టికెట్ ధర సంగతి వేరే.

అయితే గంటల లెక్కలో ఆ విమానాన్నీ తలదన్నింది యుద్ధకాలంలోనే ఉంది. 1942లో సింగపూర్ జపాన్ చేజిక్కడంతో ఆస్ట్రేలియాకు ఆ వైపు విమాన మార్గం తెగింది. మరుసటి ఏడు క్వాంటాస్ సంస్థ పెర్త్ నుంచి సింహళంలోని కొగ్గల సరస్సుకు, నీటి మీద దిగే కాటలీనా విమానాలు నడిపింది. దూరం 5,600 కిలోమీటర్లే గానీ 27 నుంచి 33 గంటలు పట్టేది. పెట్రోలు బరువుకే విమానం సరిపోయేది. ముగ్గురు ప్రయాణికులకూ 69 కిలోల టపాకూ మించి చోటుండేది కాదు. శత్రువు పసిగడతాడని రేడియో నోరు మూసుకునేది, దారి చూపేవి నక్షత్రాలే. ఒకే ప్రయాణంలో రెండుసార్లు సూర్యోదయం చూసినందుకు ప్రయాణికులకు ఓ ధ్రువపత్రం ఇచ్చేవారు. 1945 దాకా అలా 271 సార్లు సముద్రం దాటారు.

ఇక అతి చిన్న విమాన ప్రయాణం స్కాట్లాండ్‌లో, ఆర్క్నీ దీవుల్లో. వెస్ట్రే నుంచి పాపా వెస్ట్రేకు 2.7 కిలోమీటర్లు, అంటే ఓ పెద్ద విమానాశ్రయంలో రన్‌వే అంత. టైమ్‌టేబుల్లో రెండు నిమిషాలని ఉంటుంది, గాలి కలిసొస్తే ఇంకా ముందే దిగుతుంది. రికార్డు 53 సెకన్లు. 1967 నుంచి లోగన్‌ఎయిర్ నడుపుతున్న ఈ బుల్లి విమానంలో టీచర్లూ డాక్టర్లూ డ్యూటీకి వెళ్లొస్తుంటారు. సీటు ఖాళీగా ఉంటే పైలట్ పక్కనే కూర్చోవచ్చు.