పాతకారునకు నిలువ కుళాయి

గాదెలోని గింజలన్నియు వండుకొనక, కొంత ఆపత్సమయమునకై వేరుగా నుంచుట మన యిండ్లలో నాచారము. పాతకాలపు కార్లలో పెట్రోలునకును ఇట్టి యేర్పాటు కలదు. 1961వ సంవత్సరమునకు పూర్వపు ఫోక్స్‌వాగన్ బీటిల్ కారులో పెట్రోలు మట్టము చూపు ముల్లు లేదు. ఇంజను తడబడగానే కాలితో చిన్న మీట త్రిప్పినచో, అడుగున మిగిలిన సుమారు 5 లీటర్లు వాడుకకు వచ్చును.

మేము మా పాతకారునకు ఇట్టి కుళాయినే చేయించితిమి. ఇత్తడి కుళాయికి లోపలివైపున రెండు దారులుండవలెను. ఒకదానికి ట్యాంకులో నిలువుగా నిలుచు సన్నని గొట్టము నతికింపవలెను. రెండవది అడుగుననే తెరచియుండవలెను. పెట్రోలు గొట్టపు కొసకంటె దిగినచో మొదటి దారి యాగిపోవును. కుళాయి త్రిప్పినచో రెండవది తెరచుకొనును. ట్యాంకు అడుగు 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు కలిగి, రెండు దారుల యెత్తులకు 3 సెంటీమీటర్ల భేదమున్నచో, 5 లీటర్లకు పైగా నిలువ యుండును.

ఖాళీ ట్యాంకులోని పెట్రోలు ఆవిరి నిప్పు తగిలిన ప్రేలును. కనుక అతుకుపని యంతయు, కుళాయిని ట్యాంకునకు బిగింపకముందే, దూరముగా చేయింపవలెను.

పెట్రోలు పోయించిన వెంటనే కుళాయిని మొదటి దారికి మరల త్రిప్పవలెను. మేమొకసారి ఆ పని మరచి, చీకటివేళ పిల్లలతో ఊరిబయట నిలిచిపోతిమి. కుళాయి నెటు త్రిప్పినను చుక్క రాలేదు. ముట్టిన నిలువను మరల భద్రపరచిననే అది నిలువ యగునని ఆ రాత్రి తెలిసికొంటిమి.