ఈత వచ్చినా సముద్రంలో భయమెందుకు?

మీ ఇంట్లో ఎవరైనా ట్రయాథ్లాన్ పోటీకి సిద్ధమవుతున్నారా? ఈత, సైకిల్, పరుగు ఈ మూడింటినీ ఒకదాని వెంట ఒకటి పూర్తి చేసే పోటీయే ట్రయాథ్లాన్. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో దీనికి మొదటిసారి చోటు దక్కింది. మన దేశంలో 2019లో గోవాలోని మిరామార్ తీరంలో ఐరన్‌మ్యాన్ 70.3 పోటీ జరిగింది. ఇందులో సముద్రంలో 1.9 కిలోమీటర్లు ఈది, 90 కిలోమీటర్లు సైకిల్ తొక్కి, 21.1 కిలోమీటర్లు పరుగెత్తాలి.

ఈ మూడింటిలో చాలామందిని కలవరపెట్టేది ఈతే. ఈతకొలనులో సునాయాసంగా ఈదేవారికి కూడా సముద్రంలో దిగగానే గుండె దడ, ఆయాసం, వణుకు రావచ్చు. దీన్ని పిరికితనం అనుకోవడం పొరపాటు. కొన్నిసార్లు ఆ ఆయాసానికి కారణం భయం కాక జబ్బు కూడా కావచ్చు. అందుకే ఈ విషయం కుటుంబ సభ్యులు కూడా తెలుసుకోవాలి.

భయం ఎందుకు కలుగుతుంది?

ఈతకొలనులో అడుగున గీత కనిపిస్తుంది. 25 లేదా 50 మీటర్లకు ఒక గోడ వస్తుంది. అలసిపోతే అంచు పట్టుకోవచ్చు. సముద్రంలో ఇవేమీ ఉండవు. అడుగు కనిపించదు, కాళ్ళు అందవు, అలలు ముఖం మీద కొడతాయి. పోటీలో పక్కవారి చేతులు, కాళ్ళు తగులుతుంటాయి. శరీరం దీన్ని ప్రమాదంగా భావించి ఊపిరి వేగం పెంచుతుంది.

భయపడినవారు తల నీటిలో ఉన్నంతసేపూ ఊపిరి బిగబట్టి, తల పైకెత్తగానే గాలి పీల్చుకోబోతారు. లోపలి గాలి బయటికి పోనిదే కొత్త గాలికి చోటు ఉండదు. దాంతో ఊపిరి అందడం లేదనిపించి భయం ఇంకా పెరుగుతుంది.

నీరు చల్లగా ఉంటే మరో ఇబ్బంది ఉంది. చల్లని నీటిలో ఒక్కసారిగా దిగితే మన ప్రమేయం లేకుండానే ఎగశ్వాస వస్తుంది, గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. సాధారణంగా రెండు మూడు నిమిషాల్లో ఇది తగ్గుతుంది. ఆ కాసేపు ఈదడానికి ప్రయత్నించకుండా తేలుతూ ఉండటం మంచిది.

భయాన్ని తగ్గించుకునే మార్గాలు

1. పోటీకి కొన్ని వారాల ముందు నుండే బయటి నీటిలో సాధన చేయాలి. మొదట నడుము లోతులో ముఖం ముంచి, నోటితో, ముక్కుతో నిదానంగా గాలి వదలడం అలవాటు చేసుకోవాలి.

2. తర్వాత ఒడ్డుకు సమాంతరంగా కొద్ది దూరం ఈదాలి. దూరం నెమ్మదిగా పెంచాలి. ఎంత బాగా ఈత వచ్చినా ఒంటరిగా దిగకూడదు. ఈత రక్షకులు ఉన్న చోటనే దిగాలి.

3. వెల్లకిలా తేలడం బాగా నేర్చుకోవాలి. భయం వేసినప్పుడు ఇదే మొదటి ఆసరా. ఊపిరి కుదుటపడ్డాక మళ్ళీ ఈదవచ్చు.

4. వెట్‌సూట్ వేసుకునేవారు మెడ దగ్గర మరీ బిగుతుగా లేకుండా చూసుకోవాలి. ముందు సాధన చేయకుండా కొత్తది పోటీ రోజున వేసుకోకూడదు.

5. పోటీలో గుంపు మధ్యలో కాకుండా పక్కగా లేదా వెనుకగా మొదలుపెట్టాలి. చేయి పైకెత్తితే రక్షకులు వస్తారు. ముందుకు సాగకుండా పడవ పట్టుకుని సేద తీరడానికి సాధారణంగా నియమాలు అనుమతిస్తాయి.

ఎప్పుడు భయం అనుకోకూడదు?

అమెరికాలో 1985 నుండి 2016 వరకు ట్రయాథ్లాన్ పోటీలలో సంభవించిన 135 మరణాలు, గుండె ఆగిన సంఘటనలను వైద్యులు పరిశీలించారు. వాటిలో 90 ఈత సమయంలో జరిగినవే. బాధితుల్లో ఎక్కువమంది పురుషులు, సగటు వయసు 47 సంవత్సరాలు. శవపరీక్ష జరిగినవారిలో పలువురికి గుండె జబ్బులు ఉన్నట్లు తేలింది. పాల్గొన్న ప్రతి లక్షమందిలో ఇలా జరిగింది ఇద్దరికన్నా తక్కువమందికే కాబట్టి బెంబేలు పడనక్కరలేదు. కానీ నిర్లక్ష్యమూ పనికిరాదు.

ఈత వల్ల కొందరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఇది నీళ్ళు మింగడం వల్ల వచ్చేది కాదు, శరీరంలోని ద్రవమే ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. రక్తపోటు ఉన్నవారికి ఈ ప్రమాదం ఎక్కువ. తేలుతూ విశ్రాంతి తీసుకున్నా తగ్గని ఆయాసం, దగ్గు, గులాబి రంగు నురుగు కళ్లె, ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం వీటిలో ఏది కనిపించినా వెంటనే నీటిలో నుండి బయటికి రావాలి. పోటీ వైద్య బృందానికి చెప్పాలి, లేదా 108కి ఫోన్ చేయాలి.

రక్తపోటు, మధుమేహం ఉన్నవారు, ఎప్పుడైనా స్పృహ తప్పినవారు, కుటుంబంలో చిన్న వయసులో హఠాత్తుగా మరణించినవారు ఉన్నవారు, నలభై దాటినవారు సాధన మొదలుపెట్టక ముందే వైద్యునికి చూపించుకోవాలి.

కుటుంబ సభ్యులు ఏం చేయాలి?

"ఇంత వయసొచ్చి నీళ్ళంటే భయమేమిటి?" అని ఎగతాళి చేయకండి. "అంత డబ్బు కట్టావు, పూర్తి చేయాల్సిందే" అని ఒత్తిడి పెట్టకండి. ఆ మాటలు గుర్తొచ్చి, ఆయాసం వస్తున్నా చేయెత్తకుండా ముందుకు ఈదేవారుంటారు. సాధనకు వెళ్ళినప్పుడు వీలైతే ఒడ్డున ఉండండి. ఏ వేళకు తిరిగి వస్తారో అడిగి తెలుసుకోండి.

పోటీకి వెళ్ళే ముందు ఒక్క మాట చెప్పి పంపండి: "బాగా లేదనిపిస్తే చేయెత్తు. మధ్యలో వచ్చేసినా మాకేమీ చిన్నతనం లేదు." పోటీ మళ్ళీ వస్తుంది. మనిషి క్షేమంగా ఒడ్డుకు చేరడమే ముఖ్యం.