వార్తల్లో పదం: ఔట్రేజ్

అపచారం జరిగిందని నలుగురి మనసూ ఒక్కసారిగా రగిలి బయటపడే ఆగ్రహమే ఔట్రేజ్. 2024 సెప్టెంబరులో తిరుమల లడ్డూ నెయ్యి కల్తీ ఆరోపణలు రాగానే ఇంగ్లిష్ పత్రికలు ఈ మాటను విరివిగా వాడాయి. దర్శనం క్యూలో కాలు తొక్కినవాడి మీద వచ్చేది కోపం. కళ్లకద్దుకుని నోట్లో వేసుకునే ప్రసాదం మీద అనుమానం పడితే, ఆ లడ్డూ తిననివాళ్లకూ వచ్చేది ఔట్రేజ్.

చట్టంలో దీని బరువు ఇంకా ఎక్కువ. 1927లో ఐపీసీలో చేరిన 295ఏ సెక్షన్, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 299. దాని ప్రకారం మత భావాలను ఔట్రేజ్ చేయాలనే దురుద్దేశంతో, కావాలని చేస్తేనే నేరం; మూడేళ్ల దాకా జైలు.

హెడ్డింగులో ఈ మాట కనిపిస్తే జనం ఎంతగా కదిలారో తెలుస్తుంది, అంతే. ఆరోపణ రుజువైనట్టు కాదు. లడ్డూ విషయంలో నిజం తేల్చే పనిని సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 4న ఐదుగురు సభ్యుల ప్రత్యేక దర్యాప్తు బృందానికి (సిట్) అప్పగించింది.