మీటరు తెరపై చెరిగిన గీతలు



మన గిలకలదిండి రేవున మరపడవలు గలవారియొద్దను, ఊళ్లలో కరెంటుపని చేయువారియొద్దను అంకెల మీటరొకటి తరచుగా కానవచ్చును. తీగలోని వోల్టేజిని, బ్యాటరీలోని వోల్టేజిని అది తెరపై అంకెలుగా చూపును. కడచిన వర్షకాలమున ఒక పడవ యజమాని తన పాత మీటరును చేతబట్టుకొని మా అరుగుమీదికి వచ్చి, "మేస్టారూ, రాత్రంతా చార్జింగు పెట్టినా పన్నెండు దాటట్లేదండీ. కొత్త బ్యాటరీ కొనాల్సిందే" అని వాపోయెను. మీటరు 12.00 చూపుచుండెను. పండ్రెండు వోల్టుల బ్యాటరీ నిండుగా నున్నప్పుడు 12.6 మొదలు 12.8 వఱకు ఉండవలయును, 12.0 అనగా చాలవఱకు ఖాళీయైనట్లే. అతని మాట సబబుగనే తోచెను. అయినను నేను తెర అంచును బొటనవ్రేలితో మెల్లగా నొక్కి చూచితిని. మొదటి సున్న నడుమ ఒక అడ్డగీత మొలచి, 12.80 అయ్యెను.

ఈ వింతకు కారణము వినుడు. తెరమీది ప్రతి అంకెయు ఏడు గీతల కూర్పు. ఏడును వెలసినచో ఎనిమిది. నడిమి గీత పోయినచో అదియే సున్న. కుడివైపు పైగీత పోయినచో ఆఱు. ఎడమవైపు క్రిందిగీత పోయినచో తొమ్మిది. తాళపత్రములు చదివినవారికిది క్రొత్త గాదు. పురుగు తొలిచి 'ష'లోని చిన్నగీత పోయినచో అది 'ప'వలె కనబడును. కాని 'విషము' 'విపము' అయినచో చదువరి ఆగి ఆలోచించును. అంకెకు అట్టి రక్షణ లేదు. 12.80 ఎంత నమ్మదగినదో 12.00 అంతే నమ్మదగినట్లుండును.

ఇంతకన్న అపాయకరమైనది మరియొకటి గలదు. పాత మీటరులు పెక్కింటిలో, కొలతకు మించిన వోల్టేజి తగిలినచో ఎడమ కొసను ఒంటి '1' మాత్రము నిలిచి తక్కిన అంకెలు మాయమగును. 200 వోల్టుల కొలతపై నుంచి ఇంటి 230 వోల్టుల తీగను ముట్టించినచో ఇట్లే జరుగును. ఆ ఒంటి గీతయే చెడియున్నచో తెరపై అంకె యేదియు నుండదు. తీగలో కరెంటు లేదని తలచి చేయి పెట్టినవాని గతి యేమి?

తెర లోపల రెండు గాజుపలకల నడుమ ద్రవస్ఫటికమను పదార్థముండును. 1888లో రైనిట్జర్ అను ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు దీని వింతగుణమును మొదట గమనించెను. ఆ గాజునకును క్రింది సర్క్యూటు పలకకును సంబంధము కలుపునది అతుకుపెట్టిన తీగ కాదు, మెత్తని రబ్బరు పట్టీ. కరెంటు పాఱు నల్లని పొరయు, పాఱని తెల్లని పొరయు ఒకదాని ప్రక్క నొకటిగా చారలుదీరి యుండుటచేత దీనిని జీబ్రా పట్టీ యందురు. కేవలము ఒత్తిడిచేతనే ఇది పనిచేయును. ఉప్పుగాలి, చెమ్మ, చేతి జిడ్డు దాని అంచున చేరినను, ఏండ్లు గడచి రబ్బరు బిగుసుకొనినను ఆ చోటి గీత చెరగును. సముద్రతీరమున ఈ జబ్బు ఎక్కువ యగుట సహజమే.

నొక్కినప్పుడు గీత తిరిగివచ్చినచో దోషము ప్రాయికముగా ఈ పట్టీయందే యున్నది. తెరపై నల్లని మరక వ్యాపించినచో గాజు పగిలినదని అర్థము; దానికి మందు లేదు. అంకెలన్నియు ఒక్కసారి మసకబాఱినచో ముందుగా మీటరు లోపలి బ్యాటరీని మార్చి చూడవలయును.

చికిత్స యిది. కొలతతీగలు రెండును ఊడదీసి, మీటరు కట్టివేసి, బ్యాటరీ తీసిన పిదపనే మరలు విప్పవలయును. ఏ మర ఎచ్చటిదో గుర్తుంచుకొనుడు. నేనొకసారి మఱచి పడిన అగచాట్లు చెప్పనలవి గావు. గాజును పట్టీతో మెల్లగా పైకెత్తి, నూగులేని గుడ్డను ఐసోప్రొపైల్ ఆల్కహాలులో కొద్దిగా తడిపి పట్టీ అంచులను, గాజు అంచును, పలకమీది రేకులను తుడువవలయును. ఆ రేకులపై తఱచు పలుచని బంగారుపూత యుండును గనుక గరుకుకాగితము పనికిరాదు. నూనె అసలే పూయరాదు. పట్టీ ఒకవైపు అణగియున్నచో తలక్రిందులు చేసి పెట్టవచ్చును. బాగుగా ఆరిన పిదప, శుభ్రపఱచిన చోట్లను వ్రేళ్లతో ముట్టక, గాజును యథాస్థానమున నిలిపి మరలన్నిటిని కొంచెము కొంచెముగా సమముగా బిగింపవలయును. ఒక్కమూల అతిగా బిగించినచో గాజు పగులును.

కొన్నిటిలో రబ్బరు పట్టీకి మాఱుగా పలుచని రిబ్బను వేడితో అంటింపబడి యుండును. దానిని లాగరాదు, ఆ పని నేర్చినవారికే విడువవలయును.

బాగుచేసిన వెంటనే నమ్మరాదు. కొన్ని మీటరులు తెఱచిన క్షణమున గీతలన్నిటిని ఒక్కసారి చూపును. అప్పుడు ప్రతి అంకెయు ఎనిమిదిగా నున్నదేమో చూడుడు. పిమ్మట క్రొత్త సెల్లును కొలిచినచో 1.5కు పైగా కొంచెము చూపవలయును. కరెంటు తీగ చచ్చినదని నిశ్చయించుటకు ముందును వెనుకను, కరెంటున్నదని తెలిసిన మరియొకచోట మీటరును పరీక్షింపవలయును.

ఆ పడవ యజమాని మీటరు పట్టీని తుడుచుటకు అరగంట పట్టలేదు. ఇప్పుడతడు దానిని మూతగల డబ్బాలో, చెమ్మ పీల్చు సిలికాజెల్ పొట్లముతో దాచుచున్నాడు. బ్యాటరీ మాత్రము పాతదే.