వెండి పూత సామాను: అడుగున ఉన్న అక్షరాలు ఏం చెబుతాయి?

అమెరికాలో పాత ఇళ్ల సామాన్లు అమ్మేచోట ‘1847 రోజర్స్ బ్రదర్స్’ అన్న ముద్ర ఉన్న చెంచాలు, ఫోర్కులు తరచూ కనిపిస్తాయి. సేకరణ మొదలుపెట్టిన కొత్తలో చాలామంది ఆ అంకె చూసి అవి 1847లో తయారయ్యాయని నమ్మేస్తారు. నిజానికి అది తయారీ సంవత్సరం కాదు, బ్రాండ్ పేరులో భాగం. కనెటికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్‌లో రోజర్స్ సోదరులు వెండి పూత చెంచాల వ్యాపారం మొదలుపెట్టిన ఏడాది అది. 1862లో మెరిడెన్ బ్రిటానియా కంపెనీ ఆ పేరును సొంతం చేసుకుంది. 1898లో ఏర్పడిన ఇంటర్నేషనల్ సిల్వర్ కంపెనీ 20వ శతాబ్దంలోనూ అదే ముద్ర వేస్తూ వచ్చింది.

ముద్ర చదవడం తెలియకపోతే నష్టం ఇలాగే మొదలవుతుంది.

అన్నిటికంటే ఎక్కువగా కనిపించే ముద్ర ఇ.పి.ఎన్.ఎస్. అంటే నికెల్ సిల్వర్ మీద విద్యుత్తుతో వేసిన వెండి పూత. పేరులో సిల్వర్ ఉన్నా నికెల్ సిల్వర్‌లో వెండి రవ్వంత కూడా ఉండదు. రాగి, నికెల్, జింక్ కలిపిన మిశ్రమం అది. అందులో సగానికి పైగా రాగే. దీని ఇంకో పేరు మన ఇళ్లలో అందరికీ తెలిసిందే: జర్మన్ సిల్వర్. గృహప్రవేశాలకు, పెళ్లిళ్లకు ఈ పేరుతో కుంకుమ భరిణెలు, పళ్లేలు కొంటున్నవాళ్లు ధర అడిగినంత శ్రద్ధగా లోపలి లోహం ఏమిటో కూడా అడగాలి, బిల్లులో రాయించుకోవాలి. అల్పకా, అర్జెంటాన్ అన్న ముద్రలున్నా అదే జాతి మిశ్రమమని అర్థం.

ఇ.పి.బి.ఎం. అని ఉంటే లోపల ఉన్నది బ్రిటానియా మెటల్. ఇందులో తొంభై శాతం పైగా తగరమే, మిగతాది ఆంటిమొనీ, కొంచెం రాగి. ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ కంపెనీలు 19వ శతాబ్దంలో దీనితో టీపాట్లు విస్తారంగా చేశాయి. వేలితో మీటితే నికెల్ సిల్వర్ ఖంగుమంటుంది; బ్రిటానియా మెటల్ మొద్దుగా పలుకుతుంది. మెత్తని లోహం కాబట్టి సులువుగా సొట్టపడుతుంది. 250 డిగ్రీల చుట్టుపక్కలే కరిగిపోతుంది కనుక ఇలాంటి టీపాట్‌ను గ్యాస్ పొయ్యి మీద ఎప్పుడూ పెట్టకూడదు.

విద్యుత్తు పద్ధతి రాకముందు కథ వేరు. 1740లలో షెఫీల్డ్‌లో థామస్ బౌల్సోవర్ అనే కత్తుల తయారీదారు రాగి మీద వెండి రేకును వేడితో అతికించే పద్ధతి కనిపెట్టాడు. ఆ జంట లోహాన్ని ముందు రేకుగా సాగదీసి, తర్వాత దానితో వస్తువు చేసేవారు. అందుకే కత్తిరించిన అంచు దగ్గర రాగి బయటపడేది. దాన్ని కప్పడానికి వెండి తీగ చుట్టేవారు. 1840లో బర్మింగ్‌హామ్‌కు చెందిన ఎల్కింగ్టన్ కుటుంబం విద్యుత్ పూతకు పేటెంట్ తీసుకుంది. ఈ పద్ధతిలో పూర్తిగా తయారైన వస్తువునే వెండి ద్రావణంలో ముంచుతారు కాబట్టి అతుకులు కూడా పూత కింద దాగిపోతాయి. పాత షెఫీల్డ్ వస్తువులో అక్కడక్కడా తొంగిచూసే ఎర్రటి రాగిని సేకర్తలు లోపంగా లెక్కపెట్టరు. దాని మీద కొత్తగా విద్యుత్ పూత వేయిస్తే మాత్రం విలువ పడిపోతుంది.

ఇక అంకెల సంగతి. జర్మనీ కంపెనీ డబ్ల్యూ.ఎం.ఎఫ్. చెంచాల మీద ఉండే 90, స్వచ్ఛతకు గుర్తు కాదు. ఒక డజను భోజన చెంచాలు, ఒక డజను ఫోర్కులకు కలిపి 90 గ్రాముల వెండి పూశారని దాని అర్థం. 800, 835, 925 అంటే మాత్రం వెయ్యి పాళ్లలో అన్ని పాళ్లు వెండి ఉన్న అసలు వస్తువు. పాత రష్యన్ సామాను మీది 84 కూడా అసలు వెండే, ఎందుకంటే అక్కడ మేలిమిని 96 పాళ్లలో లెక్కించేవారు. ఒక్క అంకె చూసి ఏ నిర్ణయానికీ రాకూడదనేది ఇందుకే. ఏ1 అన్న ముద్ర పూత నాణ్యతకు తయారీదారు ఇచ్చుకున్న హోదా. దానికి అన్ని కంపెనీలకూ వర్తించే ప్రమాణమంటూ లేదు.

ఇంగ్లండ్ అసలు వెండి మీద నడుస్తున్న సింహం ఉంటుంది. దాని పక్కన పరీక్షించిన నగరం గుర్తు ఉంటుంది: లండన్‌కు చిరుతపులి తల, బర్మింగ్‌హామ్‌కు లంగరు. పూత వేసే కంపెనీలు ఇ, పి, ఎన్, ఎస్ అక్షరాలను కూడా విడివిడి గడుల్లో అలాగే పేర్చేవి. దూరం నుంచి చూస్తే హాల్‌మార్క్ అనిపిస్తుంది. పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం ఉంటే ఈ భ్రమ నిమిషంలో తీరిపోతుంది.

ముద్ర అరిగిపోతే చెంచా అడుగు, పళ్లెం అంచు, పిడి చూడాలి. ఎక్కువగా రాపిడి పడేది అక్కడే. ఎరుపు కనిపిస్తే రాగి, పసుపు కనిపిస్తే ఇత్తడి, కాస్త పచ్చఛాయ ఉన్న తెలుపైతే నికెల్ సిల్వర్, సీసంలా మసక బూడిద రంగైతే బ్రిటానియా. అయస్కాంత పరీక్షను మాత్రం నమ్ముకోవద్దు. వెండికీ అతుక్కోదు, నికెల్ సిల్వర్‌కూ అతుక్కోదు.

పూత సామాను కరిగిస్తే చేతికొచ్చే వెండి దాదాపు శూన్యం. దాని ధర తయారీదారు పేరులో, పనితనంలో, పూత నిలిచి ఉండటంలో ఉంటుంది. మంచి పూత కూడా తలవెంట్రుక మందంలో సగం ఉండదు. కాబట్టి ఇటుక పొడి, ముగ్గు పిండి, పీచు పెట్టి దయచేసి తోమకండి. గోరువెచ్చని సబ్బు నీళ్లతో కడిగి, వెంటనే మెత్తటి నూలు గుడ్డతో తడి తుడిచేయండి.