దేహభారము - జీవన సౌఖ్యము

లావెక్కిన మనుష్యుని చూచి "పుష్టిగా నున్నాడు" అని సంతోషించుట మన గ్రామములలో పరిపాటి. కరవు కాటకములను చవిచూచిన తరములకు అది సహజమే. కాని మితిమీరిన దేహభారము బలము కాదు. రేయింబవళ్లు దించుకొనుటకు వీలులేని మూట. దానికి ముందుగా లొంగునది మోకాలు. నడుచునప్పుడు మోకాటి కీలుపై పడు ఒత్తిడి దేహభారమునకు కొన్ని రెట్లుండును. ఒక కిలో బరువు తగ్గినచో అడుగడుగునకు ఆ ఒత్తిడి సుమారు 4 కిలోలు తగ్గునని 2005లో వెలువడిన ఒక పరిశోధన తెలిపినది.

మోకాలు నొచ్చినవారికి నడక తగ్గును. నడక తగ్గినకొలది బరువు పెరుగును. బరువు పెరిగినకొలది నొప్పి హెచ్చును. ఈ చక్రమును తెంచు మార్గమేది?

అమెరికాలోని ఉత్తర కరోలినా రాష్ట్రమున వేక్ ఫారెస్ట్ విశ్వవిద్యాలయము వారు దీనిని పరిశోధించి 2013లో ఫలితములను ప్రకటించిరి. అధిక బరువుతోను, మోకాళ్ల అరుగుదలతోను బాధపడుచున్న 55 ఏండ్లు, అంతకు పైబడిన 454 మందిని మూడు జట్లుగా చేసిరి. ఒక జట్టుకు మితాహారము, ఒక జట్టుకు వ్యాయామము, మూడవ జట్టుకు రెండును ఏర్పరచిరి. వ్యాయామమనగా వారమునకు మూడు దినములు, దినమునకొక గంట నడకయు, కండరములకు బలమిచ్చు కసరత్తును. 18 నెలలకు వ్యాయామము మాత్రమే చేసినవారు సగటున సుమారు 2 కిలోలు, మితాహారము పాటించినవారు 9 కిలోలు, రెండును పాటించినవారు 10 కిలోలకు పైగా తగ్గిరి. మూడవ జట్టు వారికి తక్కిన రెండు జట్ల కంటె నొప్పి తక్కువయ్యెను. నడక వేగము హెచ్చెను. ఆహార నియమము బరువును దించగా, వ్యాయామము కాళ్లకు సత్తువ నిచ్చినది. రెండును జోడెడ్లవలె కలిసి లాగవలెను.

"పొలము పని చేయువారికి వ్యాయామమేల?" అని కొందరడుగవచ్చును. నేడు దుక్కి ట్రాక్టరు చేయుచున్నది. పొలమునకు మోటారు సైకిలు చేర్చుచున్నది. పని తగ్గినను పళ్లెములోని అన్నపురాశి తగ్గలేదు. అన్నము కొంత తగ్గించి పప్పు, ఆకుకూరలు, కాయకూరలు పెంచవలెను. నూనె వంటకములు, మిఠాయిలు, టీలోని పంచదార మితము కావలెను. మన దేశస్థులలో నడుము కొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించినచో జాగ్రత్త వహింపవలెను. పస్తులుండుట మార్గము కాదు. బక్కపలుచని వారికి ఈ నియమము వర్తింపదు. మధుమేహమునకు మందులు వాడువారు వైద్యుని అడిగియే ఆహారము తగ్గించవలెను.

పంచాయతీ సభ్యులు చేయదగిన పని కలదు. పాఠశాల మైదానమును, చెరువుగట్టు బాటను శుభ్రపరచి దీపములు పెట్టించినచో స్త్రీలును, వృద్ధులును నిర్భయముగా నడువగలరు. ఆరోగ్య కార్యకర్త సాయముతో నడుము కొలత, రక్తపు పోటు చూపించుకొనుటకు గ్రామసభ దినమున ఏర్పాటు చేయవచ్చును.

తగ్గిన కిలోలను మాత్రమే లెక్కింపరాదు. బస్సు మెట్లు ఎక్కగలుగుట, నేలపై కూర్చుండి ఒకరి చేయూత లేక లేవగలుగుట, తన పని తాను చేసికొనగలుగుట - ఇవియే అసలు లాభములు. అవ్వ తన కాళ్లపై తాను నడచిన ఇంట ఒకరి కూలి దినము మిగులును. అవ్వకు గౌరవము మిగులును.