దూరదర్శన భారతమును పొడుపు వినోదమును

ఒకరు మనస్సులో ఒక పాత్రను తలచుకొనగా, తక్కినవారు ప్రశ్నలు వేసి దానిని కనుగొను వినోదము టెలివిజను ప్రేక్షకులలో కలదు. ప్రశ్నలు ఇరువదికి మించరాదు. సమాధానములు రెండే: ఔను, కాదు. 'ఇరువది ప్రశ్నలు' అను పేరనే ఈ క్రీడ 1946లో అమెరికా రేడియోలోను, 1949లో అచటి టెలివిజనులోను ప్రసారమైనది. మన పొడుపుకథకు ఇది చుట్టమే. పొడుపుకథలో గుర్తులను పొడుచువాడే చెప్పును. ఇందులో గుర్తులను సైతము విప్పువాడే రాబట్టుకొనవలెను.

దూరదర్శనమున 1988 అక్టోబరు 2 మొదలు 1990 జూన్ 24 వఱకు ప్రసారమైన బి. ఆర్. చోప్రాగారి 'మహాభారత్' ఈ ఆటకు తగిన ఉదాహరణము. 94 భాగముల ఆ ధారావాహిక హిందీలో వచ్చినను, కథ తెలుగువారు ఇంట వినుచు పెరిగినదే. 2020లో పునఃప్రసారమై అది క్రొత్త తరమునకును చేరినది.

ఆటలోని రహస్యము ప్రశ్నను ఎన్నుకొనుటలో ఉన్నది. ప్రతి ప్రశ్నయు మిగిలిన పాత్రలను సరిసగముగ విడదీసినచో, అయిదు ప్రశ్నలతో 32 పాత్రలలో ఒకటి తేలును. ఇరువదింటితో పది లక్షలకు పైబడిన వానిలో ఒకటి తేలును. కావున "భీముడా? నకులుడా?" అని పేరులు వరుసగ అడుగువాడు ఓడిపోవును. "స్త్రీయా? కురుపక్షమున పోరాడెనా? యుద్ధానంతరము జీవించెనా?" అని అడుగువాడు గెలుచును. ఈ మూడింటికి కాదు, ఔను, ఔను అని సమాధానములు వచ్చినచో అశ్వత్థామ, కృపుడు, కృతవర్మ వంటి కొలదిమందియే మిగులుదురు.

ఆట ముందునకు సాగినకొలది బంధుత్వములు అవసరమగును. శకుని దుర్యోధనునకు మేనమామ. ధృతరాష్ట్రుడు ధర్మరాజునకు పెదతండ్రి. కుంతి కృష్ణునకు మేనత్త, గాంధారికి తోడికోడలు. అంకుల్, ఆంటీ అను రెండు మాటలతో సరిపుచ్చుకొనువారికి ఈ ఆట ఒక్క అడుగైనను సాగదు. బెంగుళూరు, చెన్నై, బరంపురము, షోలాపురములందు పాఠశాలలో అన్యభాష చదువుచు, ఇంట మాత్రమే తెలుగు వినుచున్న బాలబాలికలకు ఈ పదములే ముందుగా జారిపోవుచున్నవి.

మరియొక ప్రయోజనము కలదు. సమాధానము తెరను బట్టియా, గ్రంథమును బట్టియా అనునది ముందే నిర్ణయింపవలెను. మయసభలో భ్రమపడిన దుర్యోధనుని ద్రౌపది అంధపుత్రుడని ఎత్తిపొడిచెనా? ధారావాహికను బట్టి 'ఔను'. పూనా భండార్కర్ ప్రాచ్యవిద్యా సంస్థవారి సంస్కృత భారత సంశోధిత ప్రతిని బట్టి 'కాదు'. అందు ఆమె నవ్వినదని దుర్యోధనుడు తండ్రితో చెప్పుకొనుట కలదు గాని, ఆమె నోట ఆ మాట లేదు. అంతటి మహాయుద్ధమునకు ఒక స్త్రీ నోటిదురుసే కారణమని లోకము అనుకొనుటకు ఈ చేర్పు చాలినది. ఇట్టి వివాదము లేచినప్పుడు నన్నయగారి సభాపర్వమును తెరచి, ఆ ఘట్టమును పెద్దలు చదివి వినిపించుట మేలు.

ఆటకు ఖర్చు లేదు, పరికరములు అక్కరలేదు. ప్రశ్నయు సమాధానమును పూర్తి తెలుగు వాక్యములలో ఉండవలెనను నియమమొక్కటి చేర్చినచో చాలును. తెర హిందీ పలికినను, కన్నడమో ఒరియాయో పలికినను, దానిని గూర్చిన ముచ్చట తెలుగున సాగును. అట్లు ముచ్చట సాగిన ఇంట భాష నిలుచును.